మీకు తెలుసా? ఆకుకు చిల్లు పడితేనే తోటకు పిట్ట వస్తుంది

పార్కు అనగానే కత్తిరించిన లాను, వరసగా క్రోటన్లు, మధ్యలో ఫౌంటెన్ గుర్తొస్తాయి. ఈమధ్య దేశంలో మరో రకం పార్కులు వస్తున్నాయి. ఆ ప్రాంతపు అడవిలో, వాగు ఒడ్డున, పొలం గట్టున వాటంతటవి పెరిగే మొక్కల్నే తెచ్చి నాటి, వాటి మీద బతికే పిట్టలకు, సీతాకోకచిలుకలకు, తేనెటీగలకు, ఉడతలకు చోటిచ్చే పార్కులివి. మన బిలాస్‌పూర్ రైల్వే ఊరికి అలాంటి తోట కావాలంటే ఏ మొక్క నాటాలి, ఎందుకు నాటాలి? తెలుసుకుందాం రండి.

పట్టాల కింద అడవి

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల మనవాళ్లు బిలాస్‌పూర్ చేరింది ఆ రైల్వే పనికే. 2003 నుంచి ఈ ఊరు సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే జోన్‌కు కేంద్రం కూడా. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఒక మైలు పట్టా వేయాలంటే 1,760 నుంచి 2,000 దాకా కర్ర స్లీపర్లు కావాల్సి వచ్చేవి. బరువుకు, వానకు, చెదకు తట్టుకునే సాల చెట్టు మీదే అందరి కన్నూ పడింది. మధ్య భారతపు సాల అడవులు ఎన్నో అలా పట్టాల కిందికి వెళ్లాయి. ఇప్పుడు స్లీపర్లు కాంక్రీటువి. సాల ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షం. ఈ ఊరి తోటలో మొదటి గుంత సాలకు తవ్వితే పాత బాకీ కొంతైనా తీరుతుంది.

అయితే సాలను పెంచడం తేలిక కాదు. వేసవి చివర రెక్కల గింజలు గాలికి గిరగిరా తిరుగుతూ రాలతాయి. వారం పది రోజుల్లో తడి నేల తగలకపోతే ఆ గింజలో జీవం పోతుంది. డబ్బాలో దాచి వచ్చే ఏడు నాటుదామంటే కుదరదు.

కరివేపాకు మీద పిట్టరెట్ట

రైల్వే క్వార్టర్ పెరట్లో కరివేపాకు మొక్క లేని తెలుగిల్లు అరుదు. దాని లేతాకు మీద ఎప్పుడైనా తెలుపూ నలుపూ కలిసిన పిట్టరెట్ట కనిపిస్తే తుడిచేయకుండా ఒక్క నిమిషం చూడండి. అది కదిలితే అది రెట్ట కాదు, లైమ్ బటర్‌ఫ్లై గానీ కామన్ మోర్మన్ సీతాకోకచిలుక గానీ పెట్టిన గుడ్డులోంచి వచ్చిన చిన్న గొంగళిపురుగు. రెట్టలా కనిపిస్తే పిట్ట ముక్కు పెట్టదు, అదే దాని రక్ష. నాలుగుసార్లు కుబుసం విడిచాక వేషం మార్చి ఆకుపచ్చగా తయారవుతుంది. అప్పుడు మెల్లగా వేలితో తాకితే తల వెనక నుంచి నారింజ రంగు రెండు కొమ్ముల తొడుగు ఒకటి బయటికి తన్నుకొస్తుంది. దాంతోపాటే ఘాటైన వాసన. చీమలు, సాలీళ్లు దగ్గరికి రాకుండా అది చేసుకున్న ఏర్పాటు.

ఈ పురుగు తినేది నిమ్మ జాతి ఆకులే. నిమ్మ, కరివేపాకు, మారేడు దానికి చాలు. పక్కనే ఉన్న క్రోటన్ మీద పెడితే ఆకలితో చస్తుంది తప్ప ఆకు ముట్టదు. సీతాకోకచిలుకల్లో చాలావాటి సంగతి ఇంతే. తల్లి ఎన్ని పూల మీదైనా వాలి తేనె తాగుతుంది గానీ, గుడ్డు పెట్టడానికి మాత్రం తన పిల్లకు సరిపడే మొక్కనే వెతుక్కుంటుంది.

ఒక్క గూటికి ఎన్ని పురుగులు?

గింజలు తినే పిట్టలు కూడా చాలావరకు పిల్లల్ని పురుగులతోనే పెంచుతాయి. అమెరికాలో చికడీ అనే పిడికెడు పిట్ట ఒక్క ఈత పిల్లల్ని గూడు దాటించేలోపు 6,000 నుంచి 9,000 గొంగళిపురుగులు తెచ్చి పెడుతుందని లెక్క. అక్కడి శాస్త్రవేత్త డగ్లస్ టాలమీ, ఆయన సహచరులు వాషింగ్టన్ చుట్టుపక్కల ఇళ్ల పెరళ్లలో ఈ పిట్టల్ని గమనించి 2018లో ఒక సంగతి తేల్చారు. పెరట్లోని పచ్చదనంలో స్థానిక మొక్కల వాటా 70 శాతం కన్నా తగ్గితే, అక్కడ ఈ పిట్టల సంఖ్య నిలబడటం లేదు. పరాయి మొక్కలు ఎంత పచ్చగా ఉన్నా వాటి ఆకుల మీద పురుగులు తక్కువ. పురుగు లేని చోట పిట్టపిల్లకు తిండి లేదు.

అందుకే ఇలాంటి తోటలు చూసుకునేవాళ్లు చిల్లులు పడిన ఆకు చూసి సంబరపడతారు.

చవితి పత్రిలో సగం తోట

వినాయక చవితికి మనం తెచ్చే ఇరవైయొక్క పత్రి జాబితా ఒకసారి తీయండి. మారేడు, జిల్లేడు, రేగు, ఉమ్మెత్త, గన్నేరు, మామిడి, దానిమ్మ, రావి, తెల్లమద్ది, గరిక... ఇందులో ప్రతిదానికీ ఎవరో ఒక అతిథి ఉన్నారు. మారేడు మీద లైమ్ బటర్‌ఫ్లై. జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్. రేగు మీద తెల్లటి రెక్కల్లో నల్లచుక్కలున్న కామన్ పియరో. గన్నేరు మీద కామన్ క్రో సీతాకోకచిలుక. దాని ప్యూపా అద్దంలా మెరిసిపోతుంది. మామిడి మీద కామన్ బ్యారన్. తెల్లమద్ది మీద పట్టుపురుగు. ఉమ్మెత్త తెల్లపువ్వు చీకటి పడ్డాక విచ్చుకుని, పొడవాటి తొండమున్న హాక్ మాత్‌లకు తేనె పోస్తుంది.

చవితి ముందురోజు బజార్లో పత్రి కట్ట కొనే బదులు కాలనీలో ఒక మూల ఈ మొక్కలన్నీ నాటుకుంటే పూజకు పూజ, సీతాకోకచిలుకలకు ఏడాది పొడవునా భోజనం. పండగ రోజు పిల్లలకు ఏ ఆకు ఏదో చూపించడానికి చెట్టే ఎదురుగా ఉంటుంది.

జిల్లేడు విషం, గంగవాయిలి వేషం

జిల్లేడు పాలు విషం. ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు ఆ ఆకే తిని, ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. పెద్దయి నారింజ రంగు రెక్కలొచ్చాక కూడా ఆ చేదు పోదు. ఒకసారి నోట పెట్టుకున్న పిట్ట మళ్లీ ఆ రంగు జోలికి రాదు.

దీన్ని సొమ్ము చేసుకున్న జాణ ఒకతె ఉంది. డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడ సీతాకోకచిలుకకు విషం లేదు గానీ రంగు, తీరు అచ్చం ప్లెయిన్ టైగర్‌వే. మగది మాత్రం నల్లరెక్కల మీద తెల్లమచ్చలతో వేరే జాతిలా ఉంటుంది. దీని పిల్లలు తినేదేమిటో తెలుసా? మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర. తోటలో జిల్లేడు, గంగవాయిలి రెండూ ఉంటే అసలునూ నకిలీనీ పక్కపక్కనే చూడొచ్చు.

పట్టుచిలుకకు నోరే లేదు

బిలాస్‌పూర్ నుంచి తూర్పుగా రైలెక్కితే గంట దూరంలో చాంపా. కోసా పట్టు చీరలకు పేరున్న ఊరు. ఆ దారం తీసేది మల్బరీ పురుగు నుంచి కాదు, నల్లమద్ది, తెల్లమద్ది, సాల ఆకులు తినే టసర్ పురుగు నుంచి. తెలంగాణలో మహదేవ్‌పూర్ వైపు కూడా ఇదే పురుగును మద్దిచెట్ల మీద పెంచుతారు.

టసర్ గూడును దగ్గరగా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పురుగు ముందు కొమ్మ చుట్టూ పట్టుతో ఒక ఉంగరం అల్లుతుంది. ఆ ఉంగరం నుంచి గట్టి కాడ దింపుతుంది. ఆ కాడకు వేలాడేలా కోడిగుడ్డు ఆకారంలో గట్టిగూడు కట్టుకుని లోపల ముడుచుకుంటుంది. ఆకు రాలిపోయినా గూడు రాలదు, ఎందుకంటే అది కట్టుకున్నది కొమ్మకు.

గూడు చీల్చుకుని వచ్చే పెద్ద పట్టుచిలుకకు తినడానికి పనికొచ్చే నోరు ఉండదు. బతికే కొద్దిరోజులూ అది జత కట్టి గుడ్లు పెట్టడానికే. దానికి పువ్వులతో పనే లేదు. తోటలో వెయ్యి గులాబీలు పెట్టినా టసర్ రాదు, నాలుగు మద్దిచెట్లు పెడితే రావచ్చు. అర్పా నది ఒడ్డు తెల్లమద్దికి సరైన చోటు, ఎందుకంటే అది నీటి ఒడ్డున పెరిగే చెట్టు.

ఇప్పచెట్టుది నైట్ డ్యూటీ

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆకు రాల్చిన ఇప్పచెట్టు గుత్తులు గుత్తులుగా పూస్తుంది. రాత్రి పూచి, తెల్లవారుజామున కండగల తియ్యటి పూలరేకులు రాల్చేస్తుంది. పల్లెల్లో ఆడవాళ్లు, పిల్లలు ఆ వేళకే బుట్టలతో చెట్టు కిందికి చేరతారు. రాత్రి ఆ చెట్టు మీదికి వచ్చేవి గబ్బిలాలు. తియ్యటి రేకుల్ని నమిలి రసం పీల్చుకుంటూ ఒక పూత నుంచి మరో పూతకు పుప్పొడి మోస్తాయి. అడవిలో అయితే కింద రాలిన పువ్వు కోసం ఎలుగుబంటి కూడా వస్తుంది.

గబ్బిలాలు అపశకునమని చెట్టే కొట్టించేవాళ్లున్నారు. ఇప్పపువ్వు ఏరుకుని సంసారం గడుపుకునే ఇంటికి మాత్రం గబ్బిలం రావడమే శకునం.

మోదుగ దగ్గర ఉడతకు కూడా వాటా

ఫిబ్రవరి, మార్చిల్లో ఒక్క ఆకు లేకుండా ఎర్రగా విరగబూసే మోదుగను ఛత్తీస్‌గఢీలో పరసా అంటారు. ఆ వంకీ పువ్వులో తేనె అడుగున ఉంటుంది. ఊదారంగు తేనెపిట్ట వంగిన ముక్కు దూర్చి తాగుతుంటే పుప్పొడి దాని ఒంటికి అంటుతుంది. ఉడతలు కూడా పువ్వు పట్టుకుని తేనె తాగుతూ ఈ పనికి సాయపడతాయని పరిశోధకులు గమనించారు. ఇదే చెట్టు కొమ్మల మీద లక్క పురుగును పెంచుతారు. కుసుమ్ చెట్టు మీద పెంచే లక్క ఇంకా మేలురకం. హోలీ రంగు, విస్తరాకు, లక్క, తేనె అన్నీ ఒకే చెట్టు నుంచి.

మేడిపండు రహస్యం

మేడిపండు లోపల పురుగులుంటాయని తెలియని తెలుగువాడు లేడు. అవి ఎందుకుంటాయో తెలిసినవాళ్లు తక్కువ. మేడి, రావి, మర్రి, జువ్వి చెట్లకు పువ్వులు బయటికి కనిపించవు. మనం కాయ అనుకునేది లోపలికి పూసిన పూలగుత్తి. దాని కొసన సూదిమొన అంత రంధ్రం. ఆ రంధ్రంలోంచి ఆవగింజ కన్నా చిన్న కందిరీగ లోపలికి దూరుతుంది. ఆ తోవ ఎంత ఇరుకంటే దూరేటప్పుడు రెక్కలు ఊడిపోతాయి. లోపల పువ్వుల్ని ఫలదీకరించి, కొన్నింటిలో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. దాని పిల్లల్లో ఆడవి పుప్పొడి మోసుకుని కొత్త చెట్టును వెతుక్కుంటూ ఎగిరిపోతాయి. సాధారణంగా ఒక్కో మర్రిజాతి చెట్టుకు ఒక్కో రకం కందిరీగ.

ఈ కందిరీగకు ఏడాదంతా ఎక్కడో ఒకచోట కాయ ఉండాలి కాబట్టి మర్రిజాతి చెట్లన్నీ ఒకే కాలంలో కాయవు. మిగతా చెట్ల మీద పండు లేని నెలల్లో పచ్చపావురాలకు, గోరింకలకు, కోయిలలకు, గబ్బిలాలకు ఇవే దిక్కు. ఊరి తోటలో ఒకే ఒక పెద్ద చెట్టుకు చోటుంటే కళ్లు మూసుకుని మర్రో రావో పెట్టేయొచ్చు. గోడలకు, పైపులకు దూరంగా పెట్టడం మాత్రం మరవద్దు.

బదనికను పీకేయకండి

మామిడి కొమ్మ మీద వేరే ఆకులతో పెరిగే బదనికను చూస్తే తోటమాలి వెంటనే కత్తి తీస్తాడు. అది పరాన్నజీవే, అనుమానం లేదు. కానీ దాని పండు తినే ఫ్లవర్‌పెకర్ మన దేశపు అతిచిన్న పిట్టల్లో ఒకటి, పొడవు ఎనిమిది సెంటీమీటర్లు. గింజకు జిగురు ఎక్కువ. రెట్ట వేసినా వదలదు, పిట్ట తన వెనకభాగాన్ని కొమ్మకు రుద్ది వదిలించుకోవాలి. ఆ రుద్దిన చోటే గింజ మొలుస్తుంది. పసుపు, ఎరుపు మచ్చల కామన్ జెజెబెల్ సీతాకోకచిలుక గుడ్లు పెట్టేదీ బదనిక మీదే. పండ్లతోటలో బదనిక తీసేయడం న్యాయమే. పిట్టల కోసం పెట్టిన తోటలో ఒకటి రెండు కొమ్మల మీద ఉండనివ్వాలి.

తొర్ర ఉన్న చెట్టు విలువ

బూడిదరంగు హార్న్‌బిల్ గూడు కట్టదు, పాత చెట్టు తొర్ర వెతుక్కుంటుంది. ఆడపిట్ట లోపలికి వెళ్లి, రెట్టతో, మట్టితో తలుపు మూసేసుకుని ఒక సన్నటి చీలిక మాత్రం ఉంచుతుంది. మగపిట్ట రోజంతా రావిపండ్లు, మర్రిపండ్లు మోసుకొచ్చి ఆ చీలికలోంచి అందిస్తుంది. మగపిట్టకు ఏమైనా అయితే లోపలివాళ్లకు తిండి ఆగినట్టే.

రాగిబిందె మీద సుత్తి దెబ్బల్లా టుక్కు టుక్కుమని కూసే కాపర్‌స్మిత్ బార్బెట్‌కు ఎండిన కొమ్మ కావాలి, అందులోనే అది గుండ్రటి కన్నం తొలుస్తుంది. చిలకలకు, గుడ్లగూబలకు, ఉడతలకు తొర్రలే ఇళ్లు. పాత రైల్వే కాలనీల్లో వయసైన చెట్టును ప్రమాదమని మొదలంటా కొట్టేసే ముందు, మనుషులు తిరిగే దారి మీదికి వంగిన కొమ్మలు మాత్రం తీసి మానును ఉంచొచ్చేమో చూడాలి. మొక్క రేపు నాటొచ్చు. తొర్ర పడాలంటే కొన్ని దశాబ్దాలు కావాలి.

బురద గుంట కూడా డిజైనే

వానాకాలం తర్వాత వాగు ఒడ్డు తడిమట్టి మీద సీతాకోకచిలుకలు గుంపుగా కూర్చుని ఉంటాయి. వాటిలో ఎక్కువ మగవి. నీళ్లతోపాటు మట్టిలోని ఉప్పును పీల్చుకుంటున్నాయి. పువ్వు తేనెలో ఆ ఉప్పు దొరకదు. జత కట్టినప్పుడు మగది ఆ ఉప్పును ఆడదానికి అందిస్తుంది. తోటలో కుళాయి పక్కన రెండు గజాల తడిమట్టి వదిలితే చాలు. ఫౌంటెన్ ఖర్చు మిగులుతుంది.

అలాగే గిలిగిచ్చ మొక్కలు నాలుగు వేయండి. ఎండిన కాయలో గింజలు గలగలమనే మొక్క అది. బ్లూ టైగర్, ప్లెయిన్ టైగర్ మగవాటికి జతను ఆకర్షించే వాసన తయారు కావడానికి కావాల్సిన సరుకు ఈ మొక్క రసంలోనే ఉంటుంది.

లంటానా మాయ

లంటానా పువ్వు మీద సీతాకోకచిలుకలు ముసురుకుంటాయి నిజమే. కానీ ఇది అమెరికా ఖండాల మొక్క. 19వ శతాబ్దం తొలినాళ్లలో అందం కోసం కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వచ్చింది, అక్కడి నుంచి ఎన్నో అడవుల్ని ఆక్రమించింది. దాని ఆకు పశువులకు విషం. మన గొంగళిపురుగులకు దాదాపు పనికిరాదు. తేనె ఇచ్చి, పిల్లకు తిండి పెట్టే మొక్కల్ని నేలమీద లేకుండా చేసింది. మధ్య భారతంలో అడవి బాగుచేయాలంటే మొదట పెరికేది లంటానానే.

గుల్మొహర్ మనదనుకున్నారా?

ఎండాకాలం రైల్వే కాలనీలన్నీ ఎర్రగా పూయించే గుల్మొహర్ సొంతవూరు మడగాస్కర్. గొడుగులా పరుచుకునే నిద్రగన్నేరు దక్షిణ, మధ్య అమెరికాలది. నీడ ఇస్తున్న పాత చెట్లను కొట్టమని ఎవరూ అనరు. కొత్తగా నాటేటప్పుడు ఆలోచించాలి. రోడ్ల మధ్య త్వరగా పచ్చబడుతుందని నాటిన కోనోకార్పస్‌ను 2023లో గుజరాత్ ప్రభుత్వం నిషేధించింది. ఆరోగ్యానికీ పర్యావరణానికీ చేటన్నది చెప్పిన కారణం. ఎర్రపూలు కావాలంటే మోదుగ, బూరుగ ఉన్నాయి. పసుపుపూలు కావాలంటే రేల ఉంది. రేల ఆకు తిని కామన్ ఎమిగ్రంట్ సీతాకోకచిలుక పెరుగుతుంది. దాని పువ్వు దగ్గరికి తుమ్మెదలు వచ్చి రెక్కల కండరాలు గట్టిగా అదిలించి పుప్పొడి రాల్చుకుంటాయి.

రాతిని విని గుంత తవ్వినవాళ్లు

జోధ్‌పూర్ మెహరాన్‌గఢ్ కోట పక్కన రావు జోధా డెజర్ట్ రాక్ పార్క్ ఉంది. 2006లో పని మొదలుపెట్టేనాటికి ఆ రాతినేలంతా సర్కారు తుమ్మే. పైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. రాతి చీలికల్లోకి దిగిన వేరు తీయడం ఎవరికీ చేతకాలేదు. చివరికి ఆ పని చేసింది ఖండ్‌వాలియాలు, అంటే రాయి కొట్టే స్థానిక పనివాళ్లు. సుత్తి దెబ్బ శబ్దం విని రాయి ఎక్కడ గుల్లగా ఉందో చెప్పేస్తారు. వాళ్లు వేరు పెకలించిన గుంతల్లోనే ఎడారి మొక్కలు నాటారు. పర్యావరణవేత్త ప్రదీప్ క్రిషెన్ నడిపించిన ఆ పనిలో 70 హెక్టార్ల పార్కు 2011లో జనానికి తెరుచుకుంది.  ఆ నేలకు ఏది తగునో అదే పెంచారు.

ఢిల్లీ తోటలో చిరుత

యమునా బయోడైవర్సిటీ పార్కును 2002లో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ, ఢిల్లీ విశ్వవిద్యాలయం కలిసి మొదలుపెట్టాయి. ప్రొఫెసర్ సి.ఆర్. బాబు దానికి సారథి. ఉప్పుదేలిన బంజరు నేల అది. ముందు గడ్డి, తర్వాత పొదలు, ఆ తర్వాత చెట్లు, మధ్యలో చెరువులు. చలికాలంలో వలస బాతులు రావడం మొదలైంది. 2016 చివర్లో ఏకంగా ఒక చిరుతపులే వచ్చి కాపురం పెట్టింది. అటవీ సిబ్బంది బోను పెట్టి పట్టుకుని శివాలిక్ అడవుల వైపు తీసుకెళ్లి వదిలారు. కోట్ల జనం ఉన్న ఊళ్లో పద్నాలుగేళ్లకు అంత జంతువు దాగేంత చాటు తయారైంది.

విశాఖలో ఆసుపత్రి ఆవరణలో

మన బిలాస్‌పూర్ తెలుగువాళ్లు సెలవులకు ఊరెళ్లేటప్పుడు తప్పకుండా చూడదగ్గది విశాఖపట్నం పెదవాల్తేరులో ఉంది. రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలోని బయోడైవర్సిటీ పార్కు అది. సుమారు మూడెకరాలు. నగరాభివృద్ధి సంస్థ తోట వేస్తే, డాల్ఫిన్ నేచర్ కన్సర్వేషన్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ పెంచింది. అక్కడి మొక్కలన్నీ స్థానికం కావు, ఎడారి మొక్కల విభాగం కూడా ఉంది. అయినా మూడెకరాల్లో నీటిమొక్కలు, తీగలు, పొదలు, చెట్లు వేర్వేరుగా అమర్చితే నగరం నడిబొడ్డుకు సీతాకోకచిలుకలు, పిట్టలు ఎలా వచ్చిచేరతాయో చూపించింది. చిన్న జాగా అని వెనకాడేవాళ్లు అక్కడ గంట తిరిగి రావాలి.

ఒకే రకం చెట్టు వేస్తే?

1990ల చివర్లో అమర్‌కంటక్ చుట్టుపక్కల సాల అడవుల మీద సాల్ బోరర్ అనే పెంకుపురుగు విరుచుకుపడింది. లక్షల చెట్లు చచ్చాయి. దాన్ని పట్టడానికి ఒక ఉపాయం ఉంది. కొట్టేసిన సాల దుంగను దబదబ బాదితే రసం ఊరుతుంది. ఆ వాసనకు పురుగులు గుంపులుగా వచ్చి తాగి మత్తుగా పడతాయి. అప్పుడు ఏరి చంపుతారు. ఒకే జాతి చెట్టు దట్టంగా ఉన్నచోట దాని పురుగుకు అడ్డే ఉండదు. తోటలో సాలతోపాటు మద్ది, తునికి, మొర్రి, ఉసిరి, కుసుమ్ కలిపి నాటమనేది అందుకే. తునికి అంటే బీడీ ఆకు చెట్టు. దాని ఆకు కూడా ఒక సీతాకోకచిలుకకు భోజనం, పేరు బ్యారనెట్.

దీపాలు ఆర్పండి

స్విట్జర్లాండ్‌లో పచ్చికబయళ్ల మీద వీధిదీపాలు పెట్టి చూశారు. రాత్రి పువ్వుల దగ్గరికి వచ్చే పురుగుల రాకపోకలు 62 శాతం పడిపోయాయని 2017లో తేల్చారు. ఉమ్మెత్త, ఇప్ప, పారిజాతం వంటి రాత్రిపూల మొక్కలున్న మూలన రంగుదీపాలు, ఫోకస్ లైట్లు వద్దు. జనం నడిచే దారికి మాత్రం కిందికి వాలిన దీపం చాలు.

ఊడ్చేసింది చెత్త కాదు

ఎండుటాకుల కింద మాత్‌ల ప్యూపాలు, వానపాములు, కప్పలు, నలికిరులు ఉంటాయి. గుంపుగా గోల చేస్తూ తిరిగే సాత్‌భాయీ పిట్టలు రోజంతా ఆ ఆకులే తిరగేస్తాయి. పొద్దున్నే ఊడ్చి నిప్పు పెడితే పిట్టల వంటింటికి నిప్పు పెట్టినట్టే. బాటలు ఊడ్చండి, చెట్ల కింద వదలండి. గడ్డి కూడా అంతే. ఒక మూల గింజ పట్టేదాకా పెరగనిస్తే మునియా పిట్టలు వాలతాయి. సాయంత్రం మసక వెలుతురులో ఎగిరే ఈవినింగ్ బ్రౌన్ సీతాకోకచిలుక పిల్లలు తినేవి కూడా గడ్డి, వరి ఆకులే.

పన్నెండు నెలల వడ్డన

తోట డిజైన్ అంటే బొమ్మ గీయడం కన్నా ముందు క్యాలెండర్ వేసుకోవడం. చలికాలంలో ధాతకి ఎర్రపూలు, రేగుపండ్లు. ఫిబ్రవరి, మార్చిల్లో మోదుగ, బూరుగ. ఆ వెంటనే ఇప్ప, సాల. ఏప్రిల్, మేలలో కానుగ, రేల, తునికిపండ్లు. జూన్‌లో నేరేడు. వానల్లో లేతాకులు, తీగలు, గడ్డి. సెప్టెంబరు, అక్టోబరుల్లో రేగు పూత. మధ్యలో ఖాళీ పడినప్పుడల్లా మర్రి, రావి, మేడి. ఏ నెలా ఉపవాసం లేకుండా చూసుకోవాలి.

నర్సరీలో ఏమని అడగాలి?

మనం తెలుగు పేరు చెబితే ఇక్కడి నర్సరీలో తెల్లమొహం వేస్తారు. తెల్లమద్దికి కౌహా, నల్లమద్దికి సాజా, సాలకు సరయీ, తునికికి తేందూ, మొర్రి లేదా సారపప్పు చెట్టుకు చార్, మేడికి డూమర్, ఇప్పకు మహువా అనండి. అటవీశాఖ నర్సరీలు వానాకాలం ముందు మొక్కలు ఇస్తాయి. అడవిలో మొక్క పీకి తేవద్దు. గింజ ఏరి తెచ్చుకోవడం మేలు.

మన పక్కనే ఎంత ఉందో!

బిలాస్‌పూర్‌కు వాయవ్యంగా అచానక్‌మార్ అడవి ఉంది. 1975లో అభయారణ్యం అయింది, 2009లో పులుల అభయారణ్యం అయింది. అచానక్‌మార్-అమర్‌కంటక్ జీవావరణం 2012లో యునెస్కో జాబితాకెక్కింది. ఊరి దగ్గరి కోప్రా జలాశయం 2025 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్‌కు తొలి రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందింది. అడవి ఒకవైపు, చెరువు మరోవైపు ఉన్న ఊరిది అదృష్టం. మధ్యలో పిట్ట వాలడానికి, సీతాకోకచిలుక గుడ్డు పెట్టడానికి ఆగే చోట్లు ఉంటే ఆ రెంటి మధ్య రాకపోకలు సాగుతాయి. కాలనీ పార్కులు, స్కూలు ఆవరణలు, గుడి తోటలు, క్వార్టర్ పెరళ్లు అలాంటి చోట్లే కావాలి.

కాబట్టి పాఠకులకు ఒక్క మనవి. ఈ వానాకాలం మీ కాలనీ కమిటీలో మొక్కలు నాటే మాట వచ్చినప్పుడు క్రోటన్ల పట్టీ పక్కన పెట్టి ఒక మద్ది, ఒక మోదుగ, ఒక మారేడు, ఒక మేడి అడగండి. మొదటి రెండేళ్లు వేసవిలో నీళ్లు పోయండి. లేతాకు మీద చిల్లులు కనిపించగానే పురుగుమందు సీసా తేకండి. ఎవరు తింటున్నారో పిల్లల్ని పిలిచి చూపించండి.